యాసంగి వరి రకాలను మన పొలంలోనే పోల్చి చూడటం: అర ఎకరంలో పక్కా పరీక్ష

కొన్నేళ్ల కింద ఒక యాసంగిలో మోటరు దగ్గరి రెండెకరాల్లో కొత్త రకం వరి వేశాను. కింది మడుల్లో ఎప్పటి రకమే. కోతలయ్యాక చూస్తే కొత్తది ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ పండింది. మరుసటేడు ఐదెకరాలూ అదే పెట్టాను. పాత రకం ఇచ్చినంత కూడా రాలేదు. విత్తనం మంచిది కాదేమో, వాతావరణం తేడా కొట్టిందేమో అని ఇంట్లో అందరం తలోమాట అనుకున్నాం. అమ్మ ఒక్కతే గుర్తు చేసింది: "మొదటేడు ఎండకాలం ఆ మోటరు మడిల మూడు రాత్రులు గొర్లమంద ఆపినం గద బిడ్డా." నాలుగు బస్తాలు ఎక్కువ పండించింది ఆ మంద ఎరువు. నేను దాన్ని విత్తనం ఖాతాలో వేసుకున్నాను.

అప్పటినుంచి ఏ రకాన్నైనా ముందు అర ఎకరంలో పరీక్ష పెట్టి చూడందే పొలమంతా పెట్టడం లేదు. మాది నల్లగొండ జిల్లా, నీళ్లు సగం సాగర్ ఎడమ కాల్వవి, సగం బోరువి. మహబూబ్‌నగర్ వైపు జూరాల కింద చేసేవాళ్లకైనా, బోరు మీదే ఆధారపడిన వాళ్లకైనా పద్ధతి ఇదే. చేయాల్సిన క్రమంలోనే చెబుతాను.

ముందు ప్రశ్న, తర్వాత రకాలు

"ఏ రకం మంచిది?" అని మొదలుపెడితే పరీక్ష ఎటూ తేలదు. మీకు కావాల్సింది బోరు నీళ్లు అడుగంటేలోపు కోతకొచ్చే రకమా? సన్నరకమా? దొడ్డు రకంలో ఎక్కువ తూకమా? 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలుపెట్టాక చాలామంది ప్రశ్న మారింది. తూకంలో సన్నరకం కొంత తగ్గినా, బోనస్ కలిపితే రూపాయల్లో సమానమవుతుందా అని చూడాలి.

నాలుగు రకాలు చాలు. వాటిలో ఒకటి మీరు ఇప్పటికే పండిస్తున్నదై ఉండాలి, దానితోనే మిగతావాటిని కొలుస్తాం. మా దగ్గర యాసంగికి ఎక్కువగా కనబడేవి ఎంటీయూ 1010, కూనారం సన్నాలు అనే కేఎన్‌ఎం 118, జగిత్యాల జేజీఎల్ 24423, తెలంగాణ సోన అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఇవన్నీ 120, 125 రోజుల అటూ ఇటూ కోతకొచ్చేవే కాబట్టి పక్కపక్కన పెట్టొచ్చు. 150 రోజుల సాంబ మసూరిని తెచ్చి వీటి మధ్య పెట్టకండి. మిగతావి కోతకొచ్చినా దానికోసం నీళ్లు కడుతూనే ఉండాలి. పక్క మడుల్లో వడ్లు తడిసి పడిపోతాయి.

మడిని విడగొట్టడం

పరీక్షంతా దీనిమీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. విత్తనాల మధ్య ఉండే తేడా ఎకరాకు రెండు మూడు క్వింటాళ్లు. ఒకే మడిలో తూము దగ్గరకూ చివరకూ ఉండే తేడా అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఎక్కడో పాత పెంటకుప్ప ఉన్న చోటు, జాలు పట్టే మూల, తుమ్మచెట్టు నీడ, ట్రాక్టరుతో చదును చేసినప్పుడు పైమట్టి పోయి సుద్దనేల తేలిన చోటు ఉంటాయి. పోయిన పంటలో పైరు ఎక్కడ పచ్చగా, ఎక్కడ పాలిపోయి ఉండేదో ముందు కాగితం మీద గీసుకోండి. చెట్టు నీడనూ పెంటకుప్ప చోటునూ పూర్తిగా వదిలేయండి.

ఒక్కో చిన్నమడి 5 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు. అంటే 100 చదరపు మీటర్లు, దాదాపు మన గుంట. నాలుగు రకాలు, ఒక్కోటి నాలుగు చోట్ల, మొత్తం 16 గుంటలు. ఒడ్లకూ పిల్లకాల్వలకూ ఇంకో నాలుగు. అర ఎకరంలో సరిపోతుంది.

ఈ 16 మడులను నాలుగు వరుసలుగా చేయాలి. ఒక్కో వరుసలో నాలుగు రకాలూ ఒక్కోసారి రావాలి. వరుస ఎటు పెట్టాలన్నది నేల చెబుతుంది. తూము దగ్గర నేల ఒకరకంగా, దిగువన ఇంకోరకంగా ఉంటే, మొదటి వరుస మొత్తం తూము దగ్గరే ఉండాలి, నాలుగోది మొత్తం దిగువనే ఉండాలి. అప్పుడు ఒకే వరుసలోని నాలుగు రకాలూ ఒకేలాంటి నేల మీద పోటీ పడతాయి. తూము దగ్గరి మడిని దిగువ మడితో పోల్చే అవసరమే రాదు.

వరుసలో ఏ రకం ఎక్కడ రావాలో మనం నిర్ణయించొద్దు. మనసులో నచ్చిన రకాన్ని తెలియకుండానే మంచి మడిలో పెడతాం, ఇది నాకూ జరిగింది. నాలుగు చీటీలు రాసి ఇంట్లో పిల్లలతో తీయించండి. ప్రతి వరుసకూ మళ్లీ మడిచి మళ్లీ తీయించాలి. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో 1920లలో ఫిషర్ అనే శాస్త్రవేత్త వ్యవసాయ పరీక్షలకు నేర్పింది ఇదే: పరీక్షను పలుచోట్ల మళ్లీమళ్లీ పెట్టడం, స్థలాన్ని చీటీకి వదిలేయడం. 1965లో మొదలై హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి పథకంలో కొత్త రకాలను తూచేదీ ఈ పునాది మీదే.

ఇక నీళ్ల సంగతి. నీళ్లు కట్టే పంటల్లో పరీక్షలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మనకు మడి నుంచి మడికి నీళ్లు పారించే అలవాటు. పరీక్షలో అలా చేస్తే పై మడిలో చల్లిన యూరియా కరిగి కింది మడికి పోతుంది, కింది రకం "బాగా పచ్చగుంది" అనిపించుకుంటుంది. అందుకే ప్రతి రెండు వరుసల మధ్య ఒక పిల్లకాల్వ తీసి, ప్రతి మడికీ సొంత గండి పెట్టండి. మడుల మధ్య ఒడ్డు జానెడు ఎత్తుకు తక్కువ కాకుండా, తొక్కి గట్టిపరచి, రెండు వైపులా బురద మెత్తాలి. ఎండ్రకాయ బొక్కలను వారానికోసారి వెతికి మూయండి. ఒక్క బొక్క రాత్రంతా పారితే రెండు మడుల లెక్క కలిసిపోతుంది.

విత్తనం: కిలోల్లో కాదు, గింజల్లో

నాలుగు రకాలకూ తలా రెండు కిలోలు నానబెడితే సమానంగా చూసినట్టే అనిపిస్తుంది. కానీ తెలంగాణ సోన వెయ్యి గింజలు 13 గ్రాముల దగ్గర తూగుతాయి, ఎంటీయూ 1010వి 23 గ్రాముల దగ్గర. అంటే కిలో సోనలో 77 వేల గింజలు, కిలో 1010లో 43 వేలు. అంతే నారుమడిలో అంతే కిలోలు చల్లితే సోన నారు ఒత్తుగా, సన్నగా, పీలగా లేస్తుంది. నాటాక పిలకలు తక్కువ వేస్తుంది. తప్పు మాత్రం రకం మీదికి పోతుంది.

కాబట్టి గింజలు లెక్కపెట్టండి. 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 44 కుదుళ్లు. ఒక రకానికి 400 చదరపు మీటర్లకు 17,600 కుదుళ్లు, కుదురుకు రెండు మొక్కల చొప్పున 35,200 మొక్కలు. మొలవనివి, పీకేటప్పుడు తెగేవి కలుపుకొని 60,000 గింజలు తీసుకుందాం. 1010 అయితే 1,380 గ్రాములు, సోన అయితే 780 గ్రాములు. మీ దగ్గరున్న విత్తనం 1000 గింజలు మీరే లెక్కపెట్టి, బంగారం తూచే చిన్న త్రాసు మీద తూచి ఈ లెక్క వేసుకోండి. ఒక సాయంత్రం పని.

దానికి ముందు మొలక చూడాలి. 100 గింజలను తడిగుడ్డలో చుట్టి ఉంచి, మొలిచినవి లెక్కపెట్టండి. ధ్రువీకరణ విత్తనానికి కనీసం 80 మొలవాలన్నది నియమం. ఒకటి 95, ఇంకోటి 82 మొలిస్తే ఆ మేరకు గింజలు పెంచుకోండి. ఒకసారి ఒక దుకాణంలో తెచ్చిన సంచి 61 మాత్రమే మొలిచింది. తడిగుడ్డ పరీక్ష చేయకపోయుంటే ఆ యాసంగి పరీక్ష మొత్తం వృథా అయ్యేది.

నాలుగు నారుమళ్లూ ఒకే పరిమాణంలో, ఒక్కోటి 12 చదరపు మీటర్లు, ఒకేచోట పోయండి. నానబెట్టడం, మండె కట్టడం (నానిన వడ్లను మూట కట్టి మొలకెత్తించడం) ఒకేరోజు. డిసెంబర్ చలికి నారు ఎర్రబారి గిడసబారుతుంది కాబట్టి రాత్రిపూట పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీయాలి. కప్పితే నాలుగింటికీ కప్పాలి.

నాటు రోజు

నాలుగు ఆకుల నారు, అన్నీ ఒకే వయసువి, ఒకే రోజు నాటాలి. ముఠాను ముందురోజే కలిసి సంగతి చెప్పండి. మా దగ్గర నాటుకొచ్చే పెద్దమ్మ మొదటేడు ఒడ్డు మీద నిలబడి అడిగింది, "గుంటకొక తాడు కట్టి నాటుడేంది బిడ్డా, అన్నీ ఒక్క వడ్లే గదా?" గొర్లమంద కథ చెప్తే వెంటనే అర్థం చేసుకుంది. ఆ రోజంతా మిగతావాళ్లు మూడు నాలుగు మొక్కలు పెడుతుంటే ఆమే ఆపి రెండు పెట్టించింది.

ఒక వరుసలోని నాలుగు మడులను ఒకే జట్టు ఒకే పూటలో నాటాలి. పొద్దున ఓపికతో నాటిన మడికీ, సాయంత్రం అలసిపోయి నాటిన మడికీ కుదుళ్ల లెక్క తేడా వస్తుంది. నాటాక వారం లోపల చచ్చిన కుదుళ్ల స్థానంలో అదే రకం నారుతో పూరించండి. అందుకు ప్రతి నారుమడిలో ఒక మూల మిగిల్చి ఉంచండి. ప్రతి మడి మూలలో కర్ర పాతి రేకు ముక్క మీద ఆయిల్ పెయింటుతో నంబరు రాయండి, కాగితం చీటీ నెలకు మించి నిలవదు. రకం పేరు మాత్రం రాయొద్దు. చూసేవాళ్లు పేరు చూసి మెచ్చుకుంటారు.

ఒకేరోజు ఎరువు వేస్తే సమానం కాదు

ఎకరాకు రెండున్నర బస్తాల యూరియా లెక్కన గుంటకు 2.8 కిలోలు వస్తుంది, మూడు దఫాలుగా దఫాకు సుమారు 940 గ్రాములు. చేత్తో అంచనా వేయకుండా ఇంట్లోనే తూచి 16 సంచులు కట్టుకెళ్లండి. చల్లే ముందు నీళ్లు పలుచగా మిగిలేలా తీసేసి, గండ్లు మూసి, రెండు రోజులు మడి నీళ్లు మడిలోనే ఉంచండి.

మొదటి రెండు దఫాలు అన్నింటికీ ఒకే రోజు వేయొచ్చు. మూడోది అలా కుదరదు. అది అంకురం, అంటే పిలక లోపల కంకి మొలక, పడే సమయంలో అందాలి, ఒక్కో రకానికి ఆ రోజు వేరు. 120 రోజుల రకానికి అంకురం పడినరోజు 130 రోజుల రకంలో ఇంకా పిలకలే పెడుతుంటాయి. క్యాలెండరు చూసి అన్నింటికీ ఒకేరోజు చల్లితే ఒక రకానికి సమయానికి భోజనం పెట్టి, ఇంకో దానికి వారం ముందు పెట్టినట్టు.

అంకురం పడిందో లేదో చూడటం కష్టం కాదు. నాటిన నెల నుంచి మూడు రోజులకోసారి, మడి లోపలి నుంచి ఒక కుదురు పీకి, అన్నింటికన్నా పెద్ద పిలకను తీసుకోండి. వేరు దగ్గర నుంచి పైకి బ్లేడుతో నిలువుగా రెండుగా చీల్చండి. కణుపుల పైన, లేత ఆకుల పొరల మధ్యలో, నూగు ఉన్న తెల్లటి చిన్న మొన కనబడుతుంది. ఆవగింజంత ఉంటుంది, పొద్దున వెలుగులో మెరుస్తుంది. పది పిలకల్లో ఐదారింటిలో అది కనబడితే అంకురం పడ్డట్టే. అక్కడి నుంచి సుమారు నెలకు ఈనుతుంది. కంకిని పుట్టుకలో చూడటం ఇదే మొదటిసారైతే, ఎరువు సమయం మీకు ఎవరూ మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

నోటుబుక్కులో ఏం రాయాలి

అన్నిటికన్నా విలువైన తేదీ ఈనిక తేదీ. మడిలో సగం కంకులు బయటపడ్డ రోజు రాయండి. యాసంగిలో దీని విలువ ఎందుకంటే, పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయక గింజ కట్టదు, తాలు పెరుగుతుంది. మార్చి చివరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలు ఎంతకు పోతాయో మనకు తెలుసు. రెండు రకాల్లో ఒకటి మార్చి 15న, ఇంకోటి 28న ఈనితే ఆ పదమూడు రోజుల ఎండ తేడా దిగుబడిలో కలుస్తుంది. పొద్దున పది గంటలప్పుడు మడిలో నిలబడి చూడండి. గింజ నోరు తెరుచుకుని, పసుపు పుప్పొడి తిత్తులు బయటికి వేలాడుతుంటాయి, కాసేపటికి మళ్లీ మూసుకుంటాయి. ఆ గంటల్లో ఎండ ఎంతుందో కూడా రాసుకోండి.

మిగతావి త్వరగా చెప్తాను. నాటిన 40 రోజులకు మడికి పది కుదుళ్లలో పిలకలు లెక్కపెట్టండి. చలి రాత్రులు, పొద్దున మంచు ఉన్న జనవరి, ఫిబ్రవరిలో ఆకుల మీద కండె ఆకారపు అగ్గితెగులు మచ్చలు చూడండి. ఈనాక తెల్లకంకులు లెక్కపెట్టండి, అది మొగి పురుగు పని. మందు కొట్టాలా వద్దా అన్నది ముందే నిర్ణయించుకోండి. రకం తట్టుకునే శక్తి చూడాలంటే కొట్టకుండా ఉంచాలి. దిగుబడే చూడాలంటే 16 మడులకూ కొట్టాలి. మధ్యలో జాలిపడి ఒక రకానికి మాత్రం కొట్టడం రెండింటికీ చెడుపు.

బోరు రైతులు ఇంకోటి రాయాలి: ప్రతి రకానికీ చివరి తడి పెట్టిన తేదీ. ఏప్రిల్‌లో వారం ముందు నీళ్లు ఆపగలగడం కొన్నిసార్లు క్వింటాలు వడ్లకన్నా ఎక్కువ. మా ఊళ్లో ఆ చివరి వారంలోనే బోర్లు ఆగిపోయి ఎండిన పొలాలు చాలా చూశాను.

కోత

ముందుగా పండే రకానికి ఒక శాపం ఉంటుంది. చుట్టూ పచ్చి పైరు, మధ్యలో ఒక గుంట పండిన వడ్లు. ఊరి పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. పెద్ద పొలంలో అదే రకం వేస్తే ఆ నష్టం పంచుకుపోతుంది, చిన్న మడిలో పది కిలోలు పోతాయి. గింజ పాలు పోసుకునే దశలోనే వల కప్పండి, అన్ని మడులకూ కుదరకపోతే ముందొచ్చే రకానికైనా.

ఏ రకాన్ని దాని సమయానికే కోయాలి, కంకిలో పదింట తొమ్మిది గింజలు బంగారు రంగుకు వచ్చాక. ఒడ్డు పక్కన మొక్కలకు గాలీ వెలుతురూ ఎక్కువ, గింజ ఎక్కువ పడుతుంది. అందుకే చుట్టూ అరమీటరు కోసి పక్కన పడేసి, మధ్యలో 4 మీటర్లు, 19 మీటర్ల భాగాన్నే తూచాలి. అది 76 చదరపు మీటర్లు. ఆ కిలోలను 53.25తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది.

కోత మిషను పెట్టొద్దు. మిషను కడుపులో ముందు మడి వడ్లు మిగిలి తర్వాతి మడిలో కలుస్తాయి. కొడవళ్లతో కోసి, ఒక్కో మడిది వేరే టార్పాలిన్ మీద కొట్టి, తూర్పారబట్టి, సంచికి లోపల ఒకటి, బయట ఒకటి నంబరు కట్టండి.

తూచగానే తేమ చూడాలి. లేకపోతే లెక్క తలకిందులవుతుంది. ఒక మడి 58 కిలోలు తూగింది, తేమ 22 శాతం. ఇంకోటి 55 కిలోలు, తేమ 16 శాతం. తూకాన్ని వందలోంచి తేమ తీసేసిన అంకెతో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గరి తూకం వస్తుంది. మొదటిది 52.6, రెండోది 53.7. కాంటా మీద గెలిచింది ఎండాక ఓడింది. తేమ మిషను కొనుగోలు కేంద్రంలో ఉంటుంది, అడిగితే చూస్తారు. అక్కడ వడ్లు తీసుకునే హద్దు 17 శాతం.

రెండు క్వింటాళ్ల తేడా నిజమేనా

లెక్క చూపించడానికి అంకెలు అనుకుందాం. మీ పాత రకం నాలుగు వరుసల్లో 45, 44, 49, 44 కిలోలు. రెండో రకం 50, 46, 53, 48. మూడో రకం 60, 43, 62, 47. పాతదాని సగటు 45.5, రెండోదాని సగటు 49.25, మూడోదానిది 53.

సగటు చూసి మూడోదాన్ని ఎత్తుకోవాలనిపిస్తుంది. ఆగి, రెండో రకాన్నీ మూడో రకాన్నీ వరుసవారీగా పక్కన పెట్టండి. రెండోది పాతదానికన్నా వరుసగా 5, 2, 4, 4 ఎక్కువ. నాలుగు చోట్లా గెలిచింది. సగటు తేడా 3.75, అంటే ఎకరాకు 2 క్వింటాళ్లు. మూడోది రెండోదానికన్నా 10 ఎక్కువ, 3 తక్కువ, 9 ఎక్కువ, 1 తక్కువ. దీని సగటు తేడా కూడా సరిగ్గా 3.75. ఎకరాకు అవే 2 క్వింటాళ్లు. కానీ మొదటి 2 క్వింటాళ్లను నమ్మొచ్చు, ఈ 2 క్వింటాళ్లను నమ్మలేం.

నమ్మకాన్ని ఇలా కొలుస్తారు. ఒక్కో వరుస తేడా, సగటు తేడాకు ఎంత దూరంలో ఉందో రాసి, ఆ దూరాలను వాటితోనే గుణించి కూడండి. నాలుగు వరుసలకు ఆ మొత్తాన్ని 3తో భాగించి, వర్గమూలం తీయండి, ఫోన్లోని క్యాలిక్యులేటరు చాలు. వచ్చిన అంకెను 1.6తో గుణించండి. సగటు తేడా దాన్ని దాటితేనే ఆ తేడా రకానిదని నమ్మాలి. మొదటి జతకు వర్గమూలం 1.26, గుణిస్తే 2. సగటు తేడా 3.75 దాన్ని దాటింది. రెండో జతకు వర్గమూలం 6.7, గుణిస్తే 10.7. 3.75 దాని దరిదాపుల్లో లేదు. మూడో రకం రెండు చోట్ల అంత ఎందుకు పెరిగిందో, మిగతా రెండు చోట్ల ఎందుకు తగ్గిందో మడి దగ్గరికెళ్లి చూడాలి. అక్కడ ఏ గొర్లమందో, ఏ ఎండ్రకాయ బొక్కో ఉంటుంది.

లెక్కలు వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి. ఆరుగురు రైతులు కలవండి. ఒక్కొక్కరు తమ పొలంలో ఒకే మడిలో రెండు రకాలు పక్కపక్కన పెట్టండి. ఒకే రకం ఆరుచోట్లా గెలిస్తే, అది ఊరికే కలిసిరావడానికి ఉన్న అవకాశం 32లో ఒకటే. మాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఆరు పొలాల నేలా నీళ్లూ అందులోనే పరీక్షకు వస్తాయి.

మర దగ్గర, గిన్నెలో

తూకంతో పని అయిపోలేదు. ఏప్రిల్ ఎండకు గింజలో పగుళ్లు వచ్చి, పచ్చి బియ్యం ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. మిర్యాలగూడ మిల్లుల్లో యాసంగి వడ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యానికే పోవడానికి కారణం ఇదే. ప్రతి రకం నుంచి, నాలుగు వరుసల వడ్లూ కలిపి, 5 కిలోలు నీడన ఎండబెట్టి ఆడించండి. ప్రభుత్వ లెక్కలో క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. అందులో నిండు గింజ ఎంత, నూక ఎంత అని చాటలో వేరుచేసి తూచండి. దిగుబడిలో రెండో స్థానంలో ఉన్న రకం చాలాసార్లు ఇక్కడ ముందుకొస్తుంది.

ఆ తర్వాత వండాలి. గిన్నెల అడుగున నంబర్లు రాసి, ఏది ఏ రకమో చెప్పకుండా ఇంట్లో వాళ్లకూ నాటుకొచ్చిన వాళ్లకూ పెట్టండి, పొద్దున వండింది మళ్లీ రాత్రికి కూడా. నాటుకొచ్చే ఆ పెద్దమ్మ రాత్రి అన్నం చేత్తో నొక్కి చూసి, "గిది పొద్దటి లెక్కనే ఉన్నది, గదే పెట్టు" అన్నది. అది దిగుబడిలో మూడో స్థానంలో ఉన్న రకం. నాలుగు గుంటలు దానికి విడిగా కేటాయించి, ఇంటి తిండికి ఇప్పటికీ అదే పండిస్తున్నాం.

అమ్మకానికి గెలిచిన రకాన్ని కూడా వెంటనే అన్ని ఎకరాల్లో పెట్టకండి. వచ్చే యాసంగికి ఒక ఎకరం పెట్టి, అదే మడిలో రెండు గుంటలు పాత రకం ఉంచండి. ఆ ఏడు చలి, ఎండ, కాల్వ నీళ్లు వేరేగా ఉంటాయి కాబట్టి అప్పుడు కూడా ఫలితం తారుమారు కాకపోతే మూడో ఏడు పొలమంతా పెట్టొచ్చు. నోటుబుక్కు, నంబర్ల సంచీలో ప్రతి రకం పిడికెడు వడ్లు ఒకచోట కట్టి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి.